పన్నుకు మరమ్మతు చేసే చదువు

చెట్టెక్కి పడి చెయ్యి విరిగితే పిండికట్టు కడతారు. కొన్ని వారాలలో ఎముక అతుక్కుంటుంది. కత్తిపీట తెగి వేలు గాయమైతే పది రోజుల్లో కొత్త చర్మం వచ్చేస్తుంది. గోరు ఊడితే మళ్ళీ మొలుస్తుంది. కాని పన్నుకు చిన్న గుంట పడిందంటే అది తనంతట తాను ఏనాటికీ పూడదు. ఇవాళ ఆవగింజంత ఉన్నది రేపు మిరియపు గింజంత అవుతుందే తప్ప తగ్గదు. శరీరంలో ఇంత గట్టి వస్తువు ఇంత నిస్సహాయంగా ఎందుకుంది? దానికి మరమ్మతు చేసేవారు ఎవరు? ఆ విద్య ఎక్కడ నేర్పుతారు, అందులో చేరాలంటే ఏం చదవాలి, చదివితే ఏ పట్టాలు వస్తాయి? ఈ వ్యాసంలో వీటిని వరుసగా చూద్దాం.

పన్ను ఎందుకు అతుక్కోదు?

కోసిన పన్నును భూతద్దంతో చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. పైన తెల్లగా మెరిసేది పింగాణి పొర. దీనినే ఎనామిల్ అంటారు. దాని కింద కాస్త పసుపు రంగులో ఉండేది డెంటిన్. నడిమధ్య ఉన్న గదిలో మెత్తని గుజ్జు, అందులో రక్తనాళాలు, నాడులు ఉంటాయి. పంటి నొప్పి పుట్టేది ఈ నాడుల వల్లనే.

పింగాణి పొర మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీ ఎపటైట్ అనే స్ఫటికాలతో అది తయారవుతుంది. ఈ పొరను కట్టే జీవకణాలు పన్ను చిగురులో దాగి ఉన్నంత కాలమే పనిచేస్తాయి. పన్ను బయటికి వచ్చేసరికి అవి నశించిపోతాయి. ఇల్లు కట్టి మేస్త్రీలంతా వెళ్ళిపోయినట్లన్నమాట. ఎముకలో అలా కాదు. అక్కడ జీవకణాలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి విరిగిన చోట మళ్ళీ కడతాయి.

మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. పంటి మీద పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటే తగ్గితే పింగాణిలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తెల్లమచ్చ దశలో ఉన్నంతవరకు లాలాజలంలోని ఖనిజాలు ఆ లోటును కొంత పూడ్చగలవు. గుంట పడిన తర్వాత ఆ అవకాశం ఉండదు. అప్పుడు మనిషి చేయి పడవలసిందే. పుచ్చిన భాగం తొలిచి, శుభ్రం చేసి, సిమెంటు నింపాలి. అందుకే దంతవైద్యంలో మందు చీటీ రాయడం కంటె చేతిపని ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి. దంతవైద్య కళాశాలలో చదువు అలా ఎందుకు ఉంటుందో ఇదే చెబుతుంది.

విద్యగా మారిన పని

పళ్ళు తొలిచే పని చాలా పాతది. బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో సుమారు 9000 నుంచి 7500 ఏళ్ళ నాటి అస్థిపంజరాలు దొరికాయి. వాటిలో తొమ్మిది మందికి చెందిన పదకొండు దవడపళ్ళకు చెకుముకి మొనతో తొలిచిన రంధ్రాలున్నాయని 2006లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కాని తర్వాత వేల సంవత్సరాల పాటు పన్ను పీకడం మంగళ్ళకూ, సంతలో తిరిగేవారికీ తెలిసిన పనిగానే మిగిలిపోయింది. 1728లో ఫ్రాన్సుకు చెందిన పియరీ ఫోషార్ పంటి జబ్బుల గురించీ, వాటి చికిత్స గురించీ క్రమబద్ధమైన గ్రంథం రాశాడు. 1840లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ప్రపంచంలోనే మొదటి దంతవైద్య కళాశాల వెలసింది.

మన దేశంలో ఆ పని చేసినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. ఆయన అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివి 1915లో పట్టా తీసుకున్నారు. తిరిగివచ్చి 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాల స్థాపించారు. కళాశాల నడపడానికి డబ్బు కోసం ఆయన ఒక సోడా, ఐస్‌క్రీమ్ దుకాణం కూడా నడిపారు. పళ్ళు పాడుచేసే తీపి మీద వచ్చిన సొమ్ముతో పళ్ళు బాగుచేసే విద్య మొదలైందన్నమాట! 1949లో ఆయన ఆ కళాశాలను ప్రభుత్వానికి అప్పగించారు. ఆయన పుట్టినరోజైన డిసెంబరు 24ను మనదేశంలో దంతవైద్యుల దినంగా పాటిస్తున్నారు.

1948లో పార్లమెంటు దంతవైద్యుల చట్టం చేసింది. ఆ చట్టం కింద 1949లో భారత దంతవైద్య మండలి ఏర్పడింది. గుర్తింపు పొందిన పట్టా లేనిదే, రిజిస్టరులో పేరు లేనిదే దంతవైద్యం చేయరాదనే కట్టుబాటు దానితో వచ్చింది. 2023లో పార్లమెంటు ఈ పాత చట్టం స్థానంలో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టాన్ని ఆమోదించింది.

మన హైదరాబాదులో ఉస్మానియా వైద్య కళాశాలకు అనుబంధంగా 1959లో దంతవైద్య విభాగం మొదలైంది. అదే నేటి ప్రభుత్వ దంతవైద్య కళాశాల. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. ఇవికాక రెండు రాష్ట్రాలలోనూ ప్రైవేటు కళాశాలలు ఉన్నాయి. దేశం మొత్తం మీద దంతవైద్య కళాశాలలు 300కు పైగా ఉన్నాయి.

చేరడానికి అర్హతలు

దంతవైద్యంలో మొదటి పట్టా పేరు బి.డి.యస్. అంటే బ్యాచిలర్ ఆఫ్ డెంటల్ సర్జరీ. ఇందులో చేరాలంటే ఈ కింది అర్హతలు ఉండాలి.

ఒకటి, పదవ తరగతి తర్వాత ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివి ఉండాలి. మన రాష్ట్రాలలో ఈ గ్రూపును బైపీసీ అంటారు. ఇంగ్లీషులోనూ ఉత్తీర్ణులు కావాలి.

రెండు, ఆ మూడు శాస్త్రాలలో కలిపి కనీసం 50 శాతం మార్కులు రావాలి. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులవారికి 40 శాతం చాలు.

మూడు, చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 సంవత్సరాలు నిండి ఉండాలి.

నాలుగు, నీట్ అనే జాతీయ ప్రవేశ పరీక్షలో అర్హత సాధించాలి. 2016 వరకు మన రాష్ట్రాలలో ఎంసెట్ ద్వారా ఈ సీట్లు నింపేవారు. 2017 నుంచి నీట్ ఒక్కటే మార్గం. ఎం.బి.బి.యస్.కు, బి.డి.యస్.కు ఒకటే పరీక్ష. వేరువేరుగా రాయనక్కరలేదు.

జీవశాస్త్రం చదవకుండా గణితం గ్రూపు మాత్రమే తీసుకున్నవారు దంతవైద్యంలో చేరలేరు. కాబట్టి ఈ దారి పదవ తరగతి చివర్లోనే చీలుతుందని తెలుసుకోండి. పల్లెటూరి పిల్లలు చాలామంది ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని చిక్కులో పడుతుంటారు.

పరీక్ష లెక్క

నీట్‌లో 180 ప్రశ్నలుంటాయి. భౌతికశాస్త్రంలో 45, రసాయనశాస్త్రంలో 45, జీవశాస్త్రంలో 90. సరైన జవాబుకు 4 మార్కులు. అంటే మొత్తం 720 మార్కులు. తప్పు జవాబుకు ఒక మార్కు తీసివేస్తారు. ప్రశ్నపత్రం తెలుగులో కూడా లభిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు దీనిని ఉపయోగించుకోవచ్చు. కళాశాలలో పాఠాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి.

జవాబు తెలియకపోయినా ఏదో ఒకటి గుర్తుపెట్టి వద్దామని కొందరు అనుకుంటారు. లెక్క వేసి చూడండి. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. గుడ్డిగా 100 ప్రశ్నలకు గుర్తులు పెడితే సగటున 25 సరైనవి, 75 తప్పులు అవుతాయి. వచ్చేవి 100 మార్కులు, పోయేవి 75. మిగిలేది పాతిక! నూరు ప్రశ్నలకు పాతిక మార్కులతో సీటు రాదు కదా.

మరొక తికమక కూడా తీర్చుకోండి. ఇంటర్మీడియట్‌లో అడిగేది శాతం. నీట్‌లో అడిగేది పర్సెంటైల్. ఇవి రెండూ ఒకటి కావు. వందకు యాభై మార్కులు వస్తే 50 శాతం. పరీక్ష రాసినవారిని మార్కుల వరుసలో నిలబెడితే సగం మంది మీ వెనుక ఉంటే అది 50వ పర్సెంటైల్. సాధారణ తరగతివారికి 50వ పర్సెంటైల్, రిజర్వేషన్ తరగతులవారికి 40వ పర్సెంటైల్ కనీస అర్హత. అయితే అర్హత వేరు, సీటు వేరు. అర్హత వచ్చినవారందరికీ సీటు రాదు. సీటు ర్యాంకు ప్రకారం వస్తుంది.

సీటు ఎలా ఇస్తారు?

ప్రభుత్వ కళాశాలల్లోని సీట్లలో 15 శాతం అఖిల భారత కోటా కింద ఢిల్లీ నుంచి నింపుతారు. దేశంలో ఏ రాష్ట్రం వారైనా వీటికి పోటీ పడవచ్చు. మిగిలిన సీట్లను ఆయా రాష్ట్రాలే నింపుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చేస్తుంది. తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చేస్తుంది. ఈ వ్యవహారాన్నే కౌన్సెలింగ్ అంటారు. అఖిల భారత కోటాకు, రాష్ట్ర కోటాకు దరఖాస్తులు వేరువేరుగా పెట్టుకోవాలి.

ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ కోటా, యాజమాన్య కోటా అని రెండు రకాల సీట్లుంటాయి. కన్వీనర్ కోటాలో ఫీజు తక్కువ. యాజమాన్య కోటాలో చాలా ఎక్కువ. ఏ కోటాలో చేరాలన్నా నీట్ అర్హత తప్పనిసరి. "పరీక్ష లేకుండానే సీటు ఇప్పిస్తాం" అని ఎవరైనా అంటే వారి మాట నమ్మకండి, డబ్బు ముట్టజెప్పకండి. చేరే కళాశాలకు గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. గుర్తింపు లేని చోట ఐదేళ్ళు చదివినా రిజిస్టరులో పేరు ఎక్కదు. పేరు ఎక్కకపోతే వైద్యం చేసే హక్కు రాదు.

మీరు ఏ తరగతి ఎక్కడ చదివారో తెలిపే స్టడీ సర్టిఫికెట్లను భద్రపరచుకోండి. స్థానికులా కాదా అన్నది వాటితోనే తేలుతుంది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం అవసరమైనవారు చివరిరోజు దాకా ఆగకుండా తీసుకోవాలి.

ఐదేళ్ళలో ఏం నేర్పుతారు?

బి.డి.యస్. చదువు నాలుగు సంవత్సరాలు. తర్వాత ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. మొత్తం ఐదేళ్ళు.

దంతవైద్యునికి పళ్ళు తెలిస్తే చాలదా, శరీరమంతా ఎందుకు అని మీరు అడగవచ్చు. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, పుండు ఆలస్యంగా మానుతుంది. రక్తం పలచబడే మందు వాడేవారికి పన్ను పీకితే రక్తం ఆగడం కష్టమవుతుంది. మత్తు సూది వేయాలంటే నాడులు ఎక్కడెక్కడ పోతున్నాయో తెలియాలి. పన్ను మనిషికి అతికి ఉంది కాబట్టి మనిషినంతా చదవాలి.

అందుకే మొదటి సంవత్సరంలో శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం చెబుతారు. వాటితోపాటు పళ్ళ నిర్మాణం చెబుతారు. కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు మీరు పాఠ్యపుస్తకంలో చదివినవే. కాని అక్కడ వాటి పేర్లు రాస్తే సరిపోదు. మైనపు ముక్కను చెక్కి ఒక్కొక్క పన్నును అచ్చంగా తయారుచేయాలి. ఎత్తు, వెడల్పు కొలతలు తప్పకూడదు. గుట్టలు, లోయలు సరిగా ఉండాలి. మొదటి సంవత్సరం విద్యార్థి చేతిలో పుస్తకం ఎంతసేపు ఉంటుందో చెక్కుడు కత్తి కూడా అంతసేపు ఉంటుంది.

రెండవ సంవత్సరంలో వ్యాధి విజ్ఞానం, సూక్ష్మజీవ శాస్త్రం, మందుల శాస్త్రం వస్తాయి. దంత పదార్థాల శాస్త్రం అని మరొకటి ఉంది. సిమెంట్లు, లోహ మిశ్రమాలు, ప్లాస్టిక్కులు నోటిలో ఎలా ప్రవర్తిస్తాయో అందులో చెబుతారు. వేడి టీ తాగినప్పుడు నింపిన పదార్థం పన్నుకంటె ఎక్కువ వ్యాకోచిస్తే ఏమవుతుంది? మీరు భౌతికశాస్త్రంలో చదివిన వ్యాకోచ గుణకం ఇక్కడ పనికివస్తుంది. ఈ సంవత్సరంలోనే బొమ్మ దవడల మీద పళ్ళు తొలచడం, సిమెంటు నింపడం, కట్టుడు పళ్ళు అమర్చడం సాధన చేయిస్తారు.

మూడవ సంవత్సరంలో సాధారణ వైద్యం, శస్త్రచికిత్స, నోటి వ్యాధుల విజ్ఞానం చదువుతారు. విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో రోగులను చూడడం మొదలుపెడతారు. నాలుగవ సంవత్సరంలో దంతవైద్యంలోని శాఖలన్నీ వస్తాయి. ఐదవ ఏడు ఇంటర్న్‌షిప్‌లో ఒక్కొక్క విభాగంలో కొన్నాళ్ళు పనిచేస్తారు. పల్లెలకు వెళ్ళి శిబిరాలలో కూడా పనిచేస్తారు. ఇది పూర్తయ్యాక రాష్ట్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుంటే దంతవైద్యులుగా స్వతంత్రంగా పనిచేయవచ్చు.

మీరే చేసి చూడండి

పై దవడ పళ్ళ వెనుక భాగం దంతవైద్యునికి నేరుగా కనిపించదు. చిన్న అద్దం నోటిలో పెట్టి, ఆ ప్రతిబింబాన్ని చూస్తూ పనిచేస్తారు. ఇది ఎంత కష్టమో ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

ఒక కాగితం మీద చుక్కలతో త్రిభుజం గీయండి. కాగితానికి ఎదురుగా అద్దాన్ని నిలబెట్టండి. మీ చెయ్యి మీకు నేరుగా కనిపించకుండా నోటుపుస్తకాన్ని అడ్డం పట్టమని తమ్ముణ్ణో చెల్లెల్నో అడగండి. ఇప్పుడు అద్దంలో మాత్రమే చూస్తూ ఆ చుక్కల మీదుగా పెన్సిలు పోనివ్వండి. పెన్సిలు మీరు అనుకున్న వైపు పోదు! కుడి ఎడమలు మారవు కాని ముందువైపు వెనుకవైపులు తారుమారవుతాయి. సమతల దర్పణంలో ప్రతిబింబం ఎలా ఏర్పడుతుందో చదివినవారికి కారణం అర్థమవుతుంది. రోజూ పదిసార్లు చొప్పున వారం రోజులు చేయండి. గీత క్రమంగా తిన్ననవుతుంది. చేతి నేర్పు పుట్టుకతో రావలసిందేమీ కాదు, సాధనతో వస్తుందనడానికి ఇదే రుజువు.

బి.డి.యస్. తర్వాత

పై చదువు పేరు యం.డి.యస్. అంటే మాస్టర్ ఆఫ్ డెంటల్ సర్జరీ. ఇది మూడు సంవత్సరాలు. దీనికి మళ్ళీ జాతీయ స్థాయిలో ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఇందులో తొమ్మిది శాఖలున్నాయి.

పుచ్చిన పన్నును పీకకుండా నిలబెట్టే శాఖ కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ. రూట్ కెనాల్ చికిత్స దీనిలోనిదే. వంకర పళ్ళను తీగలతో, క్లిప్పులతో సరిచేసేది ఆర్థోడాంటిక్స్. చిగుళ్ళను, వాటికి పట్టిన గారను చూసుకునేది పీరియడాంటాలజీ. పోయిన పళ్ళ స్థానంలో కట్టుడు పళ్ళు, క్యాపులు అమర్చేది ప్రోస్తోడాంటిక్స్. చిన్నపిల్లల పళ్ళకు పీడోడాంటిక్స్ అని ప్రత్యేక శాఖ ఉంది. దవడ ఎముకలు విరిగినా, జ్ఞానదంతం అడ్డంగా మొలిచినా, గ్రహణం మొర్రి ఉన్నా శస్త్రచికిత్స చేసేది ఓరల్ సర్జరీ. ఎక్స్‌రేలు చదివి, నోటిలోని పుండ్లను పరీక్షించి జబ్బు తేల్చేది ఓరల్ మెడిసిన్. కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూసి అది కాన్సరా కాదా చెప్పేది ఓరల్ పాథాలజీ. గుట్కా, ఖైనీ నమిలేవారు ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ రెండు శాఖల అవసరం చాలా ఉంది.

తొమ్మిదవది ప్రజారోగ్య దంతవైద్యం. ఇక్కడ వైద్యుడు ఒక్క నోటిని కాక ఊరినంతా చూస్తాడు. నల్లగొండ జిల్లాలో, ప్రకాశం జిల్లాలో కొన్ని గ్రామాల వారి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు చూసే ఉంటారు. అక్కడి భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు మించిన నీరు తాగుతూ పెరిగిన పిల్లలకు పింగాణి పొర కట్టే దశలోనే దెబ్బ తగులుతుంది. ఇంకా ఎక్కువైతే ఎముకలూ వంగిపోతాయి. అదే ఫ్లోరైడు తగు మోతాదులో ఉంటే పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది! ఒక్కొక్కరి పన్ను మీద మచ్చ తీయడం ఒక పని. ఊరికి మంచి నీరు వచ్చేలా చూడడం మరొక పని. రెండవ పని చేసిన చోట మొదటిదాని అవసరమే తగ్గిపోతుంది.

ఇంకా రెండు దారులు

నీట్‌లో ర్యాంకు రాకపోతే దంతవైద్య రంగం తలుపులు మూసుకుపోయినట్లు కాదు. డెంటల్ హైజీనిస్టు, డెంటల్ మెకానిక్ అని రెండు డిప్లొమాలున్నాయి. ఒక్కొక్కటి రెండేళ్ళు. హైజీనిస్టు గార తీసి పళ్ళు శుభ్రం చేయడంలో, రోగులకు నోటి పరిశుభ్రత నేర్పడంలో వైద్యునికి తోడ్పడతారు. మెకానిక్ ప్రయోగశాలలో కూర్చుని కట్టుడు పళ్ళు, క్యాపులు తయారుచేస్తారు. వైద్యుడు తీసిన అచ్చును బట్టి పన్ను చేసి ఇవ్వడం కంసాలి పనంత సున్నితమైన పని. వీరి పేర్లను కూడా రిజిస్టరులో నమోదు చేసే ఏర్పాటు 1948 చట్టంలోనే ఉంది. అయితే వీరు సొంతంగా దంతవైద్యం చేయరాదు. వైద్యునితో కలిసి పనిచేయాలి.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో కూడా మనలాగే పాఠశాల చదువు కాగానే దంతవైద్యంలో చేరతారు. పట్టా పేరు అక్కడా బి.డి.యస్. అమెరికా పద్ధతి వేరు. అక్కడ సాధారణంగా ముందు నాలుగేళ్ళ డిగ్రీ చదివి, ప్రవేశ పరీక్ష రాసి, తర్వాత నాలుగేళ్ళు దంతవైద్యం చదవాలి. కొన్ని కళాశాలలు డి.డి.యస్. అనే పట్టా ఇస్తాయి. కొన్ని డి.యం.డి. అనే పట్టా ఇస్తాయి. పేర్లు వేరు గాని చదువూ ఒకటే, హక్కులూ ఒకటే. బాల్టిమోర్‌లో మొదలైనది మొదటి పేరు. 1867లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దంతవైద్య కళాశాల పెట్టినప్పుడు లాటిన్ భాష నుంచి తీసుకున్నది రెండవ పేరు.

మన తెలుగు పిల్లలు బి.డి.యస్. చదివి అమెరికా వెళ్ళడం మామూలైంది. కాని ఇక్కడి పట్టాతో అక్కడ నేరుగా వైద్యం చేయనివ్వరు. అక్కడి జాతీయ పరీక్ష ఉత్తీర్ణులై, సాధారణంగా అక్కడి కళాశాలలో మరి రెండు మూడేళ్ళు చదివి, తాము ఉండే రాష్ట్రంలో అనుమతి తీసుకోవాలి. ఖర్చు కూడా చాలా ఎక్కువ. ఈ సంగతి ముందే తెలుసుకుని నిర్ణయించుకోవడం మంచిది.

నిర్ణయించుకునే ముందు

మన ఇళ్ళలో ఒక మాట తరచు వినిపిస్తుంది: "ఎం.బి.బి.యస్. రాకపోతే పోనీ బి.డి.యస్. అయినా చేరు." ర్యాంకుల వరుస చూసి పుట్టిన మాట ఇది. పరీక్ష ఒకటే కావడం వల్ల రెండు చదువులూ ఒకటే మెట్ల వరుసలో ఉన్నట్లు కనిపిస్తాయి. నిజానికి అవి రెండు వేరు పనులు. ఎం.బి.బి.యస్. చదివిన వైద్యుడు రోగిని పరీక్షించి మందులు రాసి ఎంతో మేలు చేయగలడు. దంతవైద్యుడు మాత్రం రోజంతా వంగి, వేలెడు జాగాలో, కదిలే నాలుకనూ ఊరే లాలాజలాన్నీ తప్పించుకుంటూ చేతితో పనిచేయాలి. భయంతో బిగుసుకున్న రోగికి ధైర్యం చెప్పాలి. ఈ పని మీద ఇష్టం లేనివారికి ఐదేళ్ళూ బరువే. ఇష్టం ఉన్నవారికి వేరే చదువు దీనికి సాటి రాదు.

నీట్ పరీక్ష మీ జ్ఞాపకాన్నీ, లెక్కనూ, ఆలోచననూ కొలుస్తుంది. మీ చేతిని కొలవదు. ఆ పరీక్ష మీరే పెట్టుకోవాలి. చిన్న చిన్న వస్తువులు విప్పి బిగించడం, మట్టితో బొమ్మలు చేయడం, కుట్టుపని, చిత్రలేఖనం, ఇలాంటివి మీకు ఇష్టమా? గంటసేపు ఒకే పని మీద విసుగు లేకుండా కూర్చోగలరా? ఇతరుల బాధ చూసి తప్పుకోకుండా దగ్గరికి వెళ్ళగలరా? ఈ ప్రశ్నలకు అవునని చెప్పగలిగితే ఇది మీ చదువే.

డబ్బు సంగతి కూడా దాచనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో, సైన్యంలోని ఆర్మీ డెంటల్ కోర్‌లో, కళాశాలల్లో దంతవైద్యులకు ఉద్యోగాలున్నాయి. కాని ఏటా చదువు ముగించుకుని వచ్చేవారితో పోలిస్తే అవి తక్కువ. దేశంలో ఏటా 25 వేలకు పైగా బి.డి.యస్. సీట్లు ఉన్నాయి. ఎక్కువమంది సొంత క్లినిక్ పెట్టుకోవాలి. కుర్చీ, ఎక్స్‌రే యంత్రం, పరికరాలకు పెట్టుబడి కావాలి. మొదటి రెండు మూడేళ్ళు రాబడి తక్కువగా ఉండవచ్చు. పట్టణాలలో వీధికొక క్లినిక్ ఉంటే, ఎన్నో మండలాల్లో దంతవైద్యులే లేరు. భూమి తాకట్టు పెట్టి యాజమాన్య కోటాలో చేరే ముందు తల్లిదండ్రులతో కూర్చుని ఈ లెక్కంతా వేసుకోండి. కన్వీనర్ కోటాలో సీటు వచ్చేటట్లు చదవడం అన్నిటికంటె చౌకైన మార్గం.

ఇప్పుడు మీరు ఏ తరగతిలో ఉన్నా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. జీవశాస్త్రం బొమ్మలను చూసి కాకుండా గుర్తు తెచ్చుకుని గీయండి. భౌతిక, రసాయన శాస్త్రాలను వెనక్కి నెట్టకండి. నీట్‌లో సగం ప్రశ్నలు వాటివే. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో దంత విభాగం ఉంటే అనుమతి తీసుకుని ఒక పూట చూసి రండి.

చివరగా ఒక పని. ఇంట్లో ఆరేడేళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే నోరు తెరిపించి చూడండి. పాలపళ్ళు ఇరవై. వాటి వెనుక, దవడ చివర కొత్తగా ఒక పెద్ద పన్ను మొలిచి ఉంటుంది. పాలపన్ను ఊడకుండానే మొలుస్తుంది కాబట్టి చాలామంది తల్లులు దానినీ పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా ఊరుకుంటారు. నిజానికి అది శాశ్వత చర్వణకం. పోతే మళ్ళీ రాదు. ఆ సంగతి మీ అమ్మగారికి ఇవాళే చెప్పండి. దానికి ఏ పట్టా అక్కరలేదు.